అక్కయ్యగారి మంచం మీది పైపు

కామేశంగారిని ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మనసు నిలవటం లేదండీ అన్నవాడిచేత బావి గట్టు చుట్టూ పాచి గీకించారు. అహంకారం పోయే మార్గం చెప్పమన్న రిటైర్డ్ తహసీల్దారుగారిని వంటింట్లో కూర్చోబెట్టి పప్పులో రాళ్ళు ఏరించారు. అందువల్ల రేపల్లెలోని ఆయన ఇంట్లో ప్రశ్నలు తక్కువగానూ, ఇల్లు శుభ్రంగానూ ఉండేవి. మేం కొంతమందిమి రోజూ సాయంత్రం వెళ్ళి వసారాలో కూర్చుని ఆయన చదివింది వినేవాళ్ళం. ప్రశ్న గొంతుదాకా వచ్చినా మింగేసి, నమస్కారం పెట్టి, ఇళ్ళకు పోయేవాళ్ళం.

పానకాలరావుకు మింగటం చేతకాదు. బజారులో అతనికి మోటార్లు బాగుచేసే షాపు ఉంది. అంతకుముందు ఇంకెవరెవరో గురువులను చూసి, వాళ్ళల్లో ఏదో ఒక లోపం కనిపెట్టి, చివరికి మా దగ్గరకు వచ్చాడు. వచ్చిన కొత్తలోనే ఒక సాయంత్రం లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"గురువుగారూ, మీ మీద నాకు భక్తి ఉందండీ. అందులో సందేహం లేదు. కానీ నమ్మకం ఉందా లేదా అన్నది తేలటం లేదు. అది ఉన్నట్టు మనకెలా తెలుస్తుందండీ?"

మేమందరం నేలచూపులు చూశాం. ఎవరి నెత్తిన ఏ పని పడుతుందో అని మా భయం మాది. కామేశంగారు పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, "మా అక్కయ్య మంచం మీదుగా ఒక పైపు బిగించు. ఈ గోడ నుంచి ఆ గోడకి. పట్టుకుని లేవటానికి వీలుగా," అన్నారు. మళ్ళీ పుస్తకం తెరిచారు.

ఆ అక్కయ్యగారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆవిడ పేరు సోమిదేవమ్మ. చిన్నతనంలోనే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చి, ఆ ఇంటి వంటిల్లు చేతిలోకి తీసుకుంది. తమ్ముడి భార్య పోయాక ఇల్లంతా ఆవిడదే అయింది. మేం వేదాంతం కోసం వెళ్ళేవాళ్ళమో, ఆవిడ పెట్టే పులిహోర కోసం వెళ్ళేవాళ్ళమో మాలో ఎవరికీ ఇప్పటికీ తేలలేదు. అలాంటి మనిషి ఒకరోజు బట్టలుతికే రాయి దగ్గర జారి పడింది. తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఆపరేషను చేశారు. ఎముక అతుక్కుంది, ఇక లేచి తిరగాల్సిందే అన్నాడు డాక్టరు. నిలబెడితే ఆవిడ కర్ర సాయంతో నడవగలదు. చేతుల్లో సత్తువకు లోటు లేదు, ఏళ్ళ తరబడి రోలు తిప్పిన చేతులవి. పడుకున్న మనిషి లేచి కూర్చోవటం, కూర్చున్న మనిషి లేచి నిలబడటం, ఈ రెండే ఆవిడ వల్ల కావటం లేదు. ప్రతిసారీ పక్కింటి అనసూయమ్మ వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాలి.

అనసూయమ్మకు విసుగు లేదు. అక్కయ్యగారికే ఉంది. దొడ్లోకి వెళ్ళాలంటే ఒకర్ని పిలవాలి అన్న మాట ఆవిడ ప్రాణం తీసేది. పిలవకుండా ఉండటానికి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్ళు తాగటం మానేసింది. పొద్దున్న గుక్కెడు, మందు బిళ్ళతో గుక్కెడు, అంతే. మధ్యాహ్నం కాఫీ లేకపోతే ఇంటిల్లిపాదినీ కసురుకునే మనిషి కాఫీ కూడా వద్దంది. కామేశంగారు ఒకనాడు చల్లారిపోయిన గ్లాసు చూసి, ఎందుకు తాగలేదని అడిగారట. "తాగితే లేవాలిగా," అందిట ఆవిడ. నాలుకలు పిడచకట్టుకుపోయేలా వేసవి ఎండలు కాస్తున్న రోజులవి. పానకాలరావు ప్రశ్నకు పైపు పని ఎందుకు దొరికిందో మాకు అప్పుడు అర్థమయింది, సగమే అయినా.

పానకాలరావు పని మొదలుపెట్టాడంటే అందులో తక్కువ చేసే మనిషి కాదు. షాపు వెనక పడి ఉన్న పాత చేతిపంపు పైపు తీసి, తుప్పు గీకి, గరుకు కాగితంతో రుద్ది, వెండిరంగు వేశాడు. రెండు కొసలకూ ఇనప బిళ్ళలు వెల్డింగు చేయించి, మరలు దిగటానికి వాటికి బెజ్జాలు పెట్టించాడు. బజారులో ఎవరు కనిపించినా దాన్ని చూపించి, "గురువుగారి ఇంటికి," అనేవాడు.

అక్కయ్యగారి గది ఒకప్పుడు ఊరగాయ జాడీలు పెట్టుకునే గది. సన్నగా పొడుగ్గా ఉంటుంది. మంచం వేస్తే అటూ ఇటూ మనిషి పట్టేంత సందు మిగులుతుంది. రెండు గోడల మధ్య పైపు వేయటానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. పానకాలరావు టేపు పెట్టి కొలిచి, ఆవిడ రెండు చేతులూ ఎత్తితే ఎక్కడ అందుతుందో చూసి, గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టబోయి ఆగిపోయాడు. సరిగ్గా గుర్తు పడవలసిన చోట గురువుగారి ఫోటో ఉంది.

ఆ ఇంట్లో గురువుగారి ఫోటో లేని గది ఒక్క గురువుగారి గదే. మిగతా అన్ని గోడలకూ మా శిష్యబృందం తలా ఒకటి తగిలించింది. అక్కయ్యగారు మంచం పట్టాక ఆవిడకు పడుకున్నా దర్శనం అయ్యేలా కాస్త కిందికి దించి మరీ ఒకటి కొట్టాం. ఆవిడ మాత్రం రెండోవైపు తిరిగి పడుకునేది. "వాడి మొహం ఉగ్గు పెట్టిననాటి నుంచీ చూస్తున్నాను," అనేది.

"తీసేయ్ నాయనా, వాడేమీ అనుకోడు," అంది అక్కయ్యగారు.

"గురువుగారిని తీసేసి, ఆ చోట మిషను పెట్టి బెజ్జం వెయ్యమంటారా అమ్మా! నా చేత్తోనా!" అన్నాడు పానకాలరావు. చెంపలు వేసుకుని, కొలత జానెడు పక్కకి జరిపాడు. అటువైపు గోడ మీద కూడా అంతే జరిపాడు.

"అక్కడైతే నాయనా, ఇదివరకు మేము..." అని ఆవిడ ఏదో చెప్పబోయింది. ఈలోగా డ్రిల్లింగు మిషను మొదలయింది. మోతలో ఆవిడ పెదవులు కదలటమే కనిపించింది. "భయపడకండమ్మా, చప్పుడే గానీ ఏం కాదు!" అని పానకాలరావు అరిచాడు.

మిషను ఆ గోడలోకి ఇట్టే దిగిపోయింది. చెయ్యి కూడా నొప్పి పుట్టలేదు. పానకాలరావు మిషను ఆపి, గోడకు నమస్కారం పెట్టి, "చూశారా, గోడే దారి ఇచ్చింది. అంతా గురుకృప," అన్నాడు. ఎదురుగోడ మాత్రం అలా ఇవ్వలేదు. కీచుమంది, పొగ కక్కింది, మిషనుకు బిగించిన ముల్లు ఒకటి విరగ్గొట్టింది. చొక్కా తడిసిపోయేదాకా ఆ గోడతో కుస్తీ పట్టి, "ఇది పాపిష్ఠి గోడ," అని తీర్మానించాడు. మేం కూడా తల ఊపాం. మొత్తానికి సాయంత్రానికల్లా పైపు బిగిసింది. వెండిరంగులో మెరుస్తూ చూడముచ్చటగా ఉంది.

అక్కయ్యగారు చెయ్యి ఎత్తబోయింది. మాలో పంచాంగం చూసే అవధానిగారు అడ్డుపడ్డారు. ఇవాళ అష్టమి, రేపు నవమి, గురువారం దివ్యంగా ఉందన్నారు. ఆవిడ చెయ్యి దించేసింది. గురువారం నాడు అందరం వెళ్ళాం. పైపుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాం. బంతిపూల దండ చుట్టాం. దిష్టికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టాం. కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చాం. కొబ్బరిముక్కలు అందరం తిన్నాం, నేనూ తిన్నాను. అప్పుడు అక్కయ్యగారు మళ్ళీ చెయ్యి ఎత్తింది.

"ఆగండమ్మా, పసుపు తడి ఆరలేదు," అన్నాడు పానకాలరావు.

మర్నాడు, లోపల రంగు ఇంకా పచ్చిగానే ఉందన్నాడు. ఆ మర్నాడు, ముందు వేళ్ళు మాత్రం ఆనించి అలవాటు చేసుకోమన్నాడు. తరవాత, పట్టుకోవచ్చు గానీ బరువు వెయ్యవద్దన్నాడు. పట్టుకుని లేవటానికి చేసిన పైపు మీద బరువు వెయ్యకుండా ఎలా లేవాలో ఆవిడకు తెలియలేదు, అడిగే ఓపిక కూడా లేదు. పెదవులు ఎండి తోలు లేచిపోయాయి. అనసూయమ్మ నీళ్ళగ్లాసు పట్టుకెళ్ళి అలాగే పట్టుకొచ్చేది. ఈలోగా గదికి భక్తుల రాక పెరిగింది. వచ్చినవాళ్ళు పైపును కళ్ళకు అద్దుకునేవాళ్ళు. ఎవరో కాశీదారం కట్టిపోయారు. తహసీల్దారుగారి భార్య మనవడి పరీక్ష పాసవాలని ముడుపు కట్టింది.

"నన్ను గుళ్ళో పడుకోబెట్టినట్టుందే అనసూయా, కాళ్ళు ఎటు చాపుకోవాలో తెలియటం లేదు," అంది అక్కయ్యగారు.

ఒక మధ్యాహ్నం అక్కయ్యగారు తాగని కాఫీగ్లాసుతో అనసూయమ్మ వసారాలోంచి వెనక్కి వెళుతుంటే కామేశంగారు చూశారు. పుస్తకం పక్కన పెట్టి లేచారు. మేమూ వెనకాలే వెళ్ళాం. పైపు బిగించాక ఆయన ఆ గదిలో అడుగు పెట్టటం అదే మొదలు. దండ చూశారు, నిమ్మకాయ చూశారు, ముడుపును వేలితో కదిపి చూశారు.

"బాగుంది. దీనికి వేలాడి చూసిందెవరు?" అన్నారు.

మేమందరం పానకాలరావు వైపు చూశాం.

"పానకాలరావూ, నువ్వు వేలాడు."

"నేనా అండీ?" పానకాలరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేను భారీ మనిషినండీ. అక్కయ్యగారు తేలిక. ఆవిడ కొలతకి చేసిందండీ ఇది."

"అంటే నేను పడితే తేలిగ్గా పడతాననా, నాయనా?" అంది అక్కయ్యగారు మంచం మీద నుంచి.

దాంతో పానకాలరావుకు తప్పలేదు. అనసూయమ్మా మేమూ కలిసి ఆవిడను లేపి కుర్చీలో కూర్చోబెట్టాం. మంచాన్ని కాస్త వెనక్కి నెట్టాం. పానకాలరావు పైపు ముందు నిలబడి, దండను పక్కకి జరిపి, రెండు చేతులతో పట్టుకున్నాడు. మోకాళ్ళు కాస్త వంచాడు. పళ్ళు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. "చూడండి గురువుగారూ, ఎంత గట్టిగా ఉందో!" అన్నాడు.

"కాళ్ళు నేల మీదున్నాయి," అన్నారు కామేశంగారు.

"ఉన్నాయండీ."

"ఎత్తు."

పానకాలరావు గోడమీది ఫోటో వంక చూశాడు. గురువుగారు పక్కనే ఉండగా ఫోటోను ఎందుకు చూశాడో నాకు తెలియదు. కళ్ళు మూసుకుని ఏదో జపించి ఒక కాలు ఎత్తాడు. గురువుగారు రెండో కాలి వైపు చూస్తూ నిలబడ్డారు. చివరికి అదీ ఎత్తాడు. ఒక్క క్షణం పైపు ఆగింది. పానకాలరావు కళ్ళు తెరిచాడు, మొహంలోకి నవ్వు రాబోయింది.

అప్పుడు ఫోటో పక్కనున్న బిళ్ళ, మరలతో సహా, వాటి వెనక ఉన్న తట్టెడు ఎర్రమట్టితో సహా గోడలోంచి ఊడి వచ్చింది. పానకాలరావు వెనక్కి మంచం మీద పడ్డాడు. మంచం పలక ఫెళ్ళున విరిగింది. అతను ఆ కంతలోకి నడుం దాకా దిగబడిపోయాడు. గుండెల మీద బంతిపూల దండ, ఒళ్ళంతా మట్టి, నిమ్మకాయ దొర్లుకుంటూ తహసీల్దారుగారి కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. కాళ్ళు మాత్రం ఇప్పుడు రెండూ గాలిలోనే ఉన్నాయి.

అక్కయ్యగారు నవ్వటం మొదలుపెట్టింది. తుంటి విరిగిన తరవాత ఆవిడ నవ్వటం మేం వినలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "అప్పుడే చెప్పబోయాను కదయ్యా. అక్కడ ఇదివరకు దీపాలు పెట్టుకునే గూడు ఉండేది. కరెంటు వచ్చాక మట్టితో పూడ్పించి సున్నం కొట్టించాం. నువ్వు వింటేగా!" అంది.

మేమూ నవ్వాం. పానకాలరావు కూడా ఆ కంతలో నుంచి నవ్వబోయాడు. ఇంతలో అతని చూపు కుర్చీలో ఉన్న అక్కయ్యగారి మీద పడింది. ఆవిడ కాలు ఇంకా చాపుకునే ఉంది. అతని మొహం పాలిపోయింది. "అమ్మా, ఇది మీరయితే..." అని, మాట పూర్తికాక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా నవ్వులు ఆగిపోయాయి. పసుపు రాసింది మేము, హారతి ఇచ్చింది మేము, మాలో ఒక్కడైనా దాన్ని పట్టుకుని లాగి చూడలేదు. నాకు నిజంగా సిగ్గేసింది.

కామేశంగారు కోప్పడలేదు. గోడకేసి చూపించి, "ఇంత జరిగినా ఆ ఫోటో కదల్లేదే, ఎందుచేత?" అన్నారు.

అది గురుమహిమ అని అవధానిగారు చెప్పబోయి, ఆయన చూపు చూసి ఊరుకున్నారు. పానకాలరావు మంచంలోంచి ఎలాగో బయటపడి, ఫోటో కాస్త పైకెత్తి, దాని వెనకాల మేకును పట్టుకుని గుంజాడు. రెండు చేతులతో గుంజాడు. మేకు చలించలేదు. వేలిముడులతో గోడ మీద కొట్టి చూశాడు.

"ఇక్కడ గట్టి ఇటుక ఉందండీ," అన్నాడు మెల్లగా.

కామేశంగారు వసారాలోకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే పానకాలరావు ఎవరికీ చెప్పకుండా వచ్చాడు. ముందు మంచానికి కొత్త పలక వేశాడు. తరవాత ఫోటో తీశాడు. చెంపలు వేసుకోలేదు. దుమ్ము తుడిచి బియ్యం డబ్బా మీద పెట్టి, ఆ ఫోటో ఉన్న చోటే గుర్తు పెట్టాడు. మేం వెళ్ళేసరికి మిషను కీచుమంటోంది. ఇది రాహుకాలం అని అవధానిగారు గుమ్మంలోంచి అరిచారు. మోతలో అదీ వినపడలేదు. గోడ పొగ కక్కుతోంది, ముల్లు విరిగింది, పానకాలరావు మొహం వెలిగిపోతోంది. "కీచుమంటోందమ్మా, వింటున్నారా? ఇది మంచి గోడ," అంటున్నాడు.

ఈసారి పసుపు లేదు, కుంకుమ లేదు. బిగించటం అవగానే ఎవరూ చెప్పకుండానే పైపు పట్టుకుని రెండు కాళ్ళూ ముడిచి వేలాడాడు. ఊగాడు కూడా. చాలక మమ్మల్నందరినీ లోపలికి పిలిచి ఒక్కొక్కరినీ వేలాడమన్నాడు. తహసీల్దారుగారు వేలాడారు. అవధానిగారు రాహుకాలం దాటాక వేలాడతానంటే ఒప్పుకోలేదు, ఆయనా వేలాడారు. నేను వేలాడుతుంటే నా జేబులోంచి కళ్ళజోడు కింద పడింది. చివరికి కామేశంగారే వచ్చి, పంచె పైకి చెక్కి, పైపు పట్టుకుని కాళ్ళు ముడిచారు.

"చాల్లే దిగరా, ఈ వయసులో కోతిచేష్టలు!" అంది అక్కయ్యగారు. "మీ ఆటలయితే నా వంతు వస్తుందా?"

అందరం పక్కకు జరిగాం. మంచం మీద పడుకున్న ఆవిడ రెండు చేతులూ ఎత్తింది. పైపు సరిగ్గా ఆవిడ చేతుల్లోకి వచ్చింది. గట్టిగా పట్టుకుని లాగింది. లేచి కూర్చుంది. కాసేపు ఆయాసం తీర్చుకుని, కాళ్ళు కిందికి దించి మళ్ళీ లాగింది. మోకాళ్ళు వణికాయి. అనసూయమ్మ ఆదరాబాదరా ముందుకు రాబోతే కళ్ళతోనే ఆపింది. పానకాలరావు చెయ్యి చాస్తే, "చెయ్యి తియ్యి," అంది. ఆవిడ బరువంతా పైపు మీద ఉంది. అది కిర్రుమనలేదు, కదల్లేదు. సోమిదేవమ్మగారు తనంతట తాను నిలబడింది. అనసూయమ్మ పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోవటం ఎందుకు.

ఆవిడ కర్ర తీసుకుని, మాలో ఎవరివంకా చూడకుండా, గోడ పట్టుకుంటూ దొడ్లోకి నడిచింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది. అందరం అక్కడే, ఎవరో పెద్దలు ఉపన్యాసం ఇస్తున్నట్టు, చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"అక్కడే నిలబడి వింటున్నారా ఏమిటి? అవతలికి పొండి!" అని లోపలి నుంచి కేక వచ్చింది. మేం పరిగెత్తాం. మా వెనకాలే ఇంకో కేక. "అనసూయా! కాఫీ పెట్టు. పెద్ద గ్లాసుతో!"

కాఫీ మా అందరికీ వచ్చింది. అక్కయ్యగారు తిరిగి వచ్చి కూర్చుని రెండు గ్లాసులు తాగింది, పైన చెంబెడు నీళ్ళు తాగింది. అందరం వసారాలో చేరాక చూస్తే పానకాలరావు లేడు. కాసేపటికి బియ్యం డబ్బా మీది ఫోటో పట్టుకుని లోపలి నుంచి వచ్చాడు. గురువుగారిని మళ్ళీ ఆ పాత ప్రశ్న అడుగుతాడేమో అనుకున్నాం. అడగలేదు.

"గురువుగారూ, ఇది ఎక్కడ పెట్టమంటారండీ?" అన్నాడు.

కామేశంగారు గ్లాసు కింద పెట్టారు.

"ఆ మట్టి రాలిన గూట్లో పెట్టు. దాని మీద ఎవరూ బరువు వెయ్యరుగా."